మూకీ మైదానంలో సజీవ సంగీతం

న్యూయార్క్ యాంకీ స్టేడియం. గ్యాలరీల్లో పిట్ట కూడా లేదు. న్యూస్‌రీల్ కంపెనీలో ఎలాగైనా ఉద్యోగం సంపాదించాలని తంటాలు పడుతున్న కుర్రాడొకడు యాంకీల ఆటను చిత్రీకరిద్దామని కెమెరా భుజాన వేసుకుని వస్తాడు. ఆట ఉంది గానీ ఇక్కడ కాదు, సెయింట్ లూయీలో అని తెలుస్తుంది. వెనక్కి తిరిగి పోవలసినవాడు పోడు. మైదానం మధ్యలో పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎక్కుతాడు. అక్కడ లేని క్యాచర్ ఇచ్చిన సైగ నచ్చక తల అడ్డంగా ఊపుతాడు, ఇంకో సైగకు సరేనంటాడు. బేసు వదిలి ముందుకు జరుగుతున్న ప్రత్యర్థిని ఓరకంట కనిపెడతాడు. ఫీల్డర్లను చేత్తో అటూ ఇటూ జరుపుతాడు. ఆ తర్వాత తానే బ్యాటర్ అవుతాడు. తల మీదికి దూసుకొచ్చిన బంతిని తప్పించుకుంటాడు, మరో బంతిని బలంగా కొడతాడు, బేసులన్నీ చుట్టి హోమ్ ప్లేట్ దగ్గరికి జారుతూ వచ్చి పడతాడు, లేచి దుమ్ము దులుపుకుని లేని జనానికి టోపీ తీసి దండం పెడతాడు. ఇంత ఆటలోనూ చేతిలో బంతి లేదు, బ్యాటు లేదు. 1928లో ఎడ్వర్డ్ సెడ్జ్‌విక్ దర్శకత్వంలో వచ్చిన మూకీ చిత్రం ‘ది కెమెరామన్’లోది ఈ సన్నివేశం. ఆడినవాడు బస్టర్ కీటన్. బేస్‌బాల్ మీద ఎన్నో సినిమాలు వచ్చాయి గానీ, ఆ ఆట ప్రాణాన్ని ఇంత తక్కువ సరంజామాతో పట్టుకున్నది మరొకటి లేదనే నా అభిప్రాయం.

బేస్‌బాల్ కథలతో ఇవాళ కొత్తగా మూకీలు తీయడం, వాటిని హాల్లో ప్రదర్శిస్తున్నప్పుడు తెర పక్కన వాద్యకారులు కూర్చుని ఆ సినిమా కోసమే కట్టిన సంగీతాన్ని వాయించడం చాలామందికి పాతకాలపు ముచ్చటగా కనబడుతుంది. మ్యూజియంలో పెట్టవలసిన కళను బయటికి లాగి దుమ్ము దులుపుతున్నారని అనిపిస్తుంది. నాకు అలా అనిపించదు. ఆటల్లోకెల్లా మూకీకి బాగా నప్పేది బేస్‌బాలే. సినిమాగా తీసినప్పుడు బేస్‌బాల్ ఒకదాన్ని పోగొట్టుకుంటుంది. దాన్ని తిరిగి ఇవ్వగలిగింది ఎదురుగా వాయించే సంగీతం ఒక్కటే. ఈ రెండు మాటలకూ ఆధారాలు ఆట స్వభావంలోనే ఉన్నాయి. సినిమా చరిత్రలోనూ ఉన్నాయి.

క్రికెట్ తెలిసిన మనకు బేస్‌బాల్‌ను అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. బంతి వేసేవాడు పిచర్, కొట్టేవాడు బ్యాటర్, బ్యాటర్ వెనక చతికిలబడి బంతి పట్టేవాడు క్యాచర్. చతురస్రానికి నాలుగు మూలలా నాలుగు బేసులు. కొట్టినవాడు మూడు బేసులూ తాకి బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు. కాలాన్ని వాడుకునే తీరు మాత్రం వేరు. 2013లో వాల్‌స్ట్రీట్ జర్నల్ కోసం ఒక రచయిత కొన్ని మ్యాచ్‌లను గడియారం పట్టుకుని కొలిస్తే, దాదాపు మూడు గంటల ఆటలో నిజంగా ఏదో జరుగుతున్న సమయం సుమారు 18 నిమిషాలని తేలింది. మిగిలినదంతా నిరీక్షణ. పిచర్ బంతిని వేళ్ల మధ్య తిప్పుకోవడం, బ్యాటర్ గ్లవుజు బిగించుకోవడం, ఒకరినొకరు చూసుకోవడం. ఆట తెలియనివాళ్లకు అది విసుగు. తెలిసినవాళ్లకు ఉత్కంఠంతా అందులోనే ఉంటుంది. గంటకు 95 మైళ్ల వేగంతో వేసిన బంతి పిచర్ చేతి నుంచి బ్యాటర్‌ను చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులే పడుతుంది. మూకీల కాలంలో మామూలుగా వాడిన వేగాల్లో ఒకటైన సెకనుకు 18 ఫ్రేముల లెక్కన ఆ ప్రయాణమంతా ఏడు ఫ్రేములు. ఏడు బొమ్మల్లో బంతి ఒక మసక గీత. కెమెరాకు చిక్కేది బంతి కాదు. బంతికి ముందున్న ముఖం, బంతి తర్వాత ఉన్న ఒళ్లు. మాటల్లేని సినిమా బతికింది ఆ రెండింటి మీదే. కీటన్ బంతిని తీసి అవతల పారేసి కూడా ఏమీ పోగొట్టుకోలేదంటే కారణం ఇదే.

పైగా ఇది సైగల మీద నడిచే ఆట. క్యాచర్ మోకాళ్ల మధ్య చెయ్యి పెట్టి ఏ బంతి వేయాలో వేళ్లతో చెబుతాడు. మూడో బేసు దగ్గర కోచ్ టోపీ అంచు, మోచెయ్యి, బెల్టు, చెవి తాకుతూ పరుగెత్తాలో ఆగాలో చెబుతాడు. ఆ తాకుళ్లలో చాలావరకు అవతలి జట్టును తప్పుదోవ పట్టించడానికే. అంపైర్ తీర్పు కూడా చేతి కదలికే. ఈ సైగల చరిత్రలో చెవిటి ఆటగాళ్ల పాత్ర పెద్దది. మూడేళ్ల వయసులో వినికిడి పోయిన విలియమ్ హోయ్ 1888 నుంచి 1902 వరకు మేజర్ లీగుల్లో ఆడాడు. తాను ఎదుర్కొన్న బంతి స్ట్రయికో బాలో మూడో బేసు కోచ్ చేతి గుర్తులతో చెబుతుంటే తెలుసుకునేవాడు. అంపైర్ల సైగలు ఆయనతోనే మొదలయ్యాయన్న వాదన మీద చరిత్రకారులు ఇంకా తగవు పడుతూనే ఉన్నారు. తేలినా తేలకపోయినా, చెవులు వినబడని మనిషి ఆ స్థాయిలో పద్నాలుగేళ్లు నెగ్గుకొచ్చాడన్నది మాత్రం తిరుగులేని నిజం. ఆయన తర్వాత న్యూయార్క్ జెయింట్స్ పిచర్ లూథర్ టేలర్. ఆయనతో మాట్లాడడానికి మేనేజర్ జాన్ మెక్‌గ్రా, తోటి ఆటగాళ్లు వేళ్ల భాష నేర్చుకున్నారు. మాట అవసరం లేకుండా సాగే ఆట కాబట్టే అది సాధ్యమైంది. 2022లో మేజర్ లీగుల్లో క్యాచర్ బటన్ నొక్కితే పిచర్ టోపీలో మాట వినబడే పరికరం వచ్చింది. అంటే నిజమైన మైదానంలో వేళ్ల సైగలు తగ్గిపోతున్నాయి. వాటిని తెర మీదైనా నిలబెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి అదును దొరకదు.

సినిమా ఈ సంగతి మొదట్లోనే గ్రహించింది. ఎడిసన్ కంపెనీ 1898లోనే న్యూజెర్సీలో జరిగిన ఒక ఆటను చిత్రీకరించింది. మరుసటి ఏడు ‘కేసీ ఎట్ ద బ్యాట్’ అనే చిన్న బొమ్మ తీసింది. ఎర్నెస్ట్ థేయర్ 1888లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో అచ్చువేసిన హాస్యగీతం దానికి ఆధారం. ఆ గీతాన్ని వేదికల మీద వేలసార్లు చదివి పేరు తెచ్చుకున్న నటుడు డి వుల్ఫ్ హాపర్. 1916లో అదే కథను పెద్ద మూకీగా తీసినప్పుడు నాయకుడిగా ఆయన్నే పెట్టుకున్నారు. గొంతుతో ప్రసిద్ధుడైన మనిషిని గొంతు వినబడని సినిమాలో నిలబెట్టడానికి నిర్మాతలు జంకలేదు. ఆయన ఒంటి తీరు చాలనుకున్నారు. 1920లో బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ తానే కథానాయకుడిగా ‘హెడిన్ హోమ్’లో నటించాడు. పల్లెటూరి కుర్రాడిగా కట్టెదుంగ చెక్కి బ్యాటు చేసుకునే రూత్‌ను అందులో చూడవచ్చు. నటనలో అతను అంతంతమాత్రం. బ్యాటు పట్టుకుని నిలబడ్డప్పుడు మాత్రం కళ్లు పక్కకు తిప్పుకోలేం. రూత్ నటించిన మరో సినిమా ‘బేబ్ కమ్స్ హోమ్’ 1927లో వచ్చింది, ఇప్పుడు దాని ప్రతి ఒక్కటైనా దొరకడం లేదు. అది ఒంటరి కేసు కాదు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన నివేదిక ప్రకారం 1912-29 మధ్య వచ్చిన సుమారు 11 వేల అమెరికన్ కథాచిత్రాల్లో మొదట విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమే. పాత బేస్‌బాల్ మూకీలనే వేసుకుంటూ కూర్చుంటే సరిపోతుందనే వాళ్లకు ఈ అంకె చాలు. ఉన్న నిల్వ చాలా చిన్నది, కొత్తవి తీయక తప్పదు.

ఇక సినిమాగా తీసినప్పుడు ఈ ఆట పోగొట్టుకునేదేమిటో చూద్దాం. బేస్‌బాల్‌కు గడియారం ముల్లు అడ్డు కాదు. చివరి బ్యాటర్ అవుటయ్యేవరకు ఆట అయిపోయినట్టు కాదు, ఎంత వెనకబడిన జట్టయినా గెలవవచ్చు. 2023లో పిచర్‌కు సెకన్ల లెక్క పెట్టారు గానీ, అది బంతికీ బంతికీ మధ్య విరామానికే. మొత్తం ఆటకు ఇంత సమయమనే హద్దు ఇప్పటికీ లేదు. సినిమా దీనికి పూర్తిగా వ్యతిరేకం. రీలు ఎంత పొడుగో ముందే ఖాయం. బంతి తగులుతుందో లేదో ఎడిటింగ్ టేబుల్ మీద ఎప్పుడో తేలిపోయింది. క్రీడల సినిమాలు చివరి పది నిమిషాల్లో ఎందుకు తేలిపోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. హాల్లో ఉన్న ఒక్కరికీ ఫలితం మీద అనుమానం ఉండదు. రికార్డు చేసిన సంగీతం జోడిస్తే ఆ గట్టిదనం ఇంకా పెరుగుతుంది, బొమ్మతోపాటు ధ్వని కూడా ఘనీభవిస్తుంది. వాద్యకారుడు ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం హాల్లో ఒక అనిశ్చితి పుడుతుంది. తెర మీద పిచర్ చెయ్యి ఎత్తాడు, ఇక్కడ డ్రమ్మర్ పుల్ల ఎత్తాడు. ఇద్దరూ ఒకే క్షణంలో దిగాలి. ముందు పడితే పోయింది, వెనక పడితే పోయింది. మన తోలుబొమ్మలాటలో మృదంగం బొమ్మను చూసి నడుస్తుంది, బొమ్మలాడించేవాడు మృదంగం కోసం ఆగగలడు. సినిమా ఎవరికోసమూ ఆగదు. దూసుకొస్తున్న బంతికీ బ్యాటర్‌కూ ఉన్న సంబంధమే తెరకూ వాద్యకారుడికీ ఉంటుంది. బొమ్మలోంచి వెళ్లిపోయిన ప్రమాదం ఈ దారిన హాల్లోకి తిరిగొస్తుంది. సజీవ సంగీతం అవసరమనడానికి నేను చెప్పే ప్రధాన కారణం ఇదే. హంగు, ఆర్భాటం, పాతకాలపు సువాసన వంటివి దీని తర్వాతే.

ఇందుకు మంచి నిదర్శనం హెరాల్డ్ లాయిడ్ 1928 చిత్రం ‘స్పీడీ’. టెడ్ వైల్డ్ దర్శకుడు. ఇందులో లాయిడ్ బేస్‌బాల్ పిచ్చి పట్టిన కుర్రాడు. సోడా దుకాణంలో పనిచేస్తూ, ఫోనులో తెలుసుకున్న స్కోరును వంటగదిలోని వాళ్లకు తెలియజేయడానికి అద్దాల అరలో తినుబండారాలు వరసగా పేరుస్తాడు. గుండ్రటి డోనట్ పెడితే ఆ ఇన్నింగ్స్‌కు సున్నా. ఒక్క మాట లేకుండా ఆట మొత్తం పలహారాల అరలో నడిచిపోతుంది. ఆ తర్వాత టాక్సీ డ్రైవరై నిజమైన బేబ్ రూత్‌నే యాంకీ స్టేడియానికి తీసుకెళతాడు. దారి పొడవునా వెనక సీట్లో రూత్ ముఖంలో ప్రాణభయం. ఈ సినిమాకు కార్ల్ డేవిస్ 1992లో పూర్తి ఆర్కెస్ట్రాకు సంగీతం రాశాడు. మసాచుసెట్స్‌కు చెందిన అలాయ్ ఆర్కెస్ట్రా కూడా దీనికి తమ సంగీతం కట్టుకుని ఊరూరా వాయించింది. వాళ్లు ముగ్గురే, వాద్యాల్లో సగం ఇనుప తుక్కు. అవే బొమ్మలు, అదే టాక్సీ, అదే రూత్. సంగీతం మారగానే పరుగు బరువు మారుతుంది, నవ్వు పుట్టే చోటు మారుతుంది. ‘ది కెమెరామన్’కు కూడా అమెరికన్ స్వరకర్త టిమొతీ బ్రాక్ ఈ శతాబ్దంలో కొత్త సంగీతం రాశాడు, బొలోన్యా ఆర్కెస్ట్రా దాన్ని వాయించింది. తొంభయ్యేళ్ల సినిమా మీద కొత్త స్వరకర్తలు ఇంకా పనిచేస్తున్నారంటే మూకీ ముగిసిపోయిన వస్తువు కాదు. కొత్త సినిమా అయితే ఆ పని మొదటి రోజు నుంచే చేయవచ్చు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. బేస్‌బాల్ అనగానే అమెరికన్లకు గుర్తొచ్చేది చప్పుడు. కొయ్య బ్యాటుకు బంతి తగిలిన ఆ ఫెళఫెళ లేకపోతే ఆటేమిటంటారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. యేల్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ అడేర్ ఆ చప్పుడు మీదే ఒక పరిశోధన చేశాడు. దూరంగా నిలబడ్డ ఫీల్డర్లు బంతి ఎంత దూరం వస్తుందో అంచనా వేయడానికి ఆ శబ్దాన్ని వాడుకుంటారని చూపాడు. అంటే అది ఆటకు అలంకారం కాదు, సమాచారం. అయితే అదే శాస్త్రం ఇంకో సంగతి కూడా చెబుతుంది. మైదానం అవతలి చివర, 400 అడుగుల దూరంలో కూర్చున్న ప్రేక్షకుడికి ఆ చప్పుడు సెకనులో మూడోవంతు కంటే కాస్త ఎక్కువ ఆలస్యంగా చేరుతుంది. పిచర్ చేతి నుంచి బంతి బ్యాటర్‌ను చేరడానికి పట్టే సమయానికి ఇది దాదాపు సమానం. గ్యాలరీలో కూర్చున్నవాడు దెబ్బను ముందు చూస్తాడు, తర్వాత వింటాడు. టీవీ మైక్రోఫోన్లను హోమ్ ప్లేట్ దగ్గర పెట్టి ఆ ఎడాన్ని చెరిపేసింది. మూకీకి సంగీతం కట్టేవాడు దాన్ని తిరిగి తెరవగలడు. బ్యాటు తిరిగిన క్షణంలో వాద్యాలన్నీ ఆపి, ఆరు ఫ్రేముల తర్వాత దెబ్బ వేస్తే హాల్లో ఉన్నవాళ్లు గ్యాలరీ వెనక వరసలోకి వెళ్లి కూర్చుంటారు. కనక చప్పుడు లేకపోవడం లోటు కావాలని లేదు, దాన్ని ఎక్కడ ఉంచాలో నిర్ణయించే అధికారం సంగీతకారుడి చేతికి వస్తుంది. ప్రతి దెబ్బకూ డప్పు కొట్టేవాడు ఆ అధికారాన్ని వృథా చేసుకున్నట్టే. బొమ్మలో ఉన్నదాన్నే వాద్యంతో మళ్లీ చెప్పడం కార్టూన్లలో బాగుంటుంది, పది నిమిషాలు దాటితే ప్రాణం తీస్తుంది.

సంగీతం సజీవంగా ఉంటే చాలు, కొత్తది ఎందుకనేది ఇంకో ప్రశ్న. మూకీల కాలంలో చాలా హాళ్లలో వాయించింది కొత్త సంగీతం కాదన్న మాట నిజమే. ఎర్నో రాపే 1924లో అచ్చువేసిన పుస్తకంలో 52 భావాలకు, సందర్భాలకు తగిన బాణీలున్నాయి. పేజీ అంచునే జాబితా ఉండేది, తెర మీద తుపాను వస్తే పియానో వాయించేవాడు తుపాను పేజీకి దూకేవాడు. రోజుకో సినిమా మారే హాల్లో అంతకంటే చేయగలిగిందీ లేదు. బేస్‌బాల్ దగ్గర మాత్రం ఈ పద్ధతి దెబ్బతింటుంది. తెలిసిన పాట ఎక్కడికి వెళుతుందో వినేవాడికి ముందే తెలుసు, ఆట ఎక్కడికి వెళుతుందో తెలియకూడదు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అమెరికన్లందరూ లేచి పాడే ‘టేక్ మీ అవుట్ టు ద బాల్ గేమ్’ను జాక్ నార్వర్త్, ఆల్బర్ట్ వాన్ టిల్జర్ 1908లో కట్టారు. అప్పటికి ఆ ఇద్దరూ పెద్ద లీగు ఆట చూడనేలేదు. పాట చక్కటిదే. కానీ అది సినిమాలో వినబడగానే జనం చప్పట్లు మొదలుపెడతారు, కథ అక్కడే ఆగిపోతుంది. ఆటను లోపలి నుంచి ఎరిగిన స్వరకర్త ఏం చేయగలడో చార్ల్స్ ఐవ్స్ చూపాడు. కుర్రతనంలో న్యూహేవెన్‌లో స్కూలు జట్టుకు పిచర్‌గా ఆడినవాడు ఆయన. గత శతాబ్దం మొదట్లో ‘ఆల్ ద వే అరౌండ్ అండ్ బ్యాక్’ అనే చిన్న రచన చేశాడు. బ్యాటర్ బంతి కొట్టగానే మొదటి బేసు మీదున్న ఆటగాడు మూడో బేసు దాకా పరుగెడతాడు, ఆ దెబ్బ గీత అవతల పడి ఫౌల్ అని తేలడంతో మొదటి బేసుకే వెనక్కి రావాలి. సంగీతం అలాగే చిక్కబడుతూ పోతుంది, వచ్చిన దారినే తిరిగి వస్తుంది. మనిషి కష్టపడ్డాడు, స్కోరులో ఏమీ మారలేదు. ఈ సంగతి ఏ రెడీమేడ్ బాణీలోనూ దొరకదు. జపాన్‌లో అభిమానులు ఈ అవసరాన్ని ఇంకో రకంగా గుర్తించారు. అక్కడ పేరున్న ప్రతి బ్యాటర్‌కూ సొంత పాట ఉంటుంది, అతను క్రీజులోకి రాగానే ‘ఓయెన్‌దాన్’ అనే అభిమాన బృందాలు బాకాలు, డ్రమ్ములతో అది వాయిస్తాయి, అవతలి జట్టు వంతు రాగానే ఆపేస్తాయి.

ఖర్చు మాట తప్పకుండా వస్తుంది. స్టూడియోలో ఒక్కసారి రీరికార్డింగ్ చేసుకుంటే వందసార్లు వేసుకోవచ్చు, ఊరూరా మనుషుల్ని తిప్పడం దేనికంటారు. హాలీవుడ్ కూడా 1927లో మాటలు వినిపించిన ‘ది జాజ్ సింగర్’ తర్వాత సరిగ్గా ఇదే లెక్క వేసింది. హాళ్లలో వాయించే వేలాదిమంది రెండు మూడేళ్లలో వీధిన పడ్డారు. సంగీతకారుల సంఘం 1930లో డబ్బాలో పోసిన సంగీతం వద్దంటూ పత్రికల్లో ప్రకటనలు వేసి పోరాడింది గానీ నిలవలేకపోయింది. ఆ విద్య ఎక్కడికి పోయిందో వెతికితే తిరిగి బేస్‌బాల్ దగ్గరికే వస్తాం. గ్లాడిస్ గుడింగ్ న్యూయార్క్ సినిమా హాళ్లలో మూకీలకు ఆర్గన్ వాయించిన మనిషి. 1942లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆమెను ఎబెట్స్ ఫీల్డ్‌లో ఆర్గన్ ముందు కూర్చోబెట్టారు. హాల్లో నటుల ముఖాలు చూసి వాయించినట్టే ఇక్కడ ఆటగాళ్ల కదలికలు చూసి వాయించింది, అంపైర్ల మీద పాటతోనే చలోక్తులు విసిరింది. డాడ్జర్స్ బ్రూక్లిన్ వదిలి పోతారన్న మాట గట్టిగా వినబడుతున్న 1957 సెప్టెంబరులో, అక్కడి చివరి ఆట పొడవునా వీడ్కోలు పాటలే వాయించింది. అమెరికన్ స్టేడియాల్లో నేటికీ వినబడే ఆర్గన్‌కు మూకీ హాలుతో నేరుగా చుట్టరికం ఉంది. ఆ ఆటను మూకీగా తీసి వాద్యకారుణ్ణి పక్కన కూర్చోబెట్టడం తెగిన బంధుత్వాన్ని మళ్లీ కలపడమే. డబ్బు దగ్గరికొస్తే, ముగ్గురితో ఒక బృందం ఊరూరా తిరిగి వాయించిందని పైన చూశాం. యాభైమంది ఆర్కెస్ట్రా కావాలని ఎవరూ పట్టుబట్టలేదు.

మిగిలింది పాతవాసన మీద ఫిర్యాదు. రంగు, శబ్దం, కంప్యూటర్ గ్రాఫిక్స్ అన్నీ చేతిలో ఉండగా మాట తీసెయ్యడం గొప్ప కోసమేనంటారు. కెనడా దర్శకుడు గయ్ మాడిన్ 2006లో ‘బ్రాండ్ అపాన్ ద బ్రెయిన్!’ తీసినప్పుడు ఎదురుగా ఆర్కెస్ట్రాను, శబ్దాలు చేసేవాళ్లను, కథ చెప్పే మనిషిని కూర్చోబెట్టి ప్రదర్శించాడు. అది పాత సినిమాకు నకలు కాదు, ఇప్పటి మనిషి పీడకల. 2010లో డాన్ ప్రిట్జ్‌కర్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాల్యం మీద ‘లూయీ’ అనే కొత్త మూకీ తీస్తే, వింటన్ మార్సలిస్ బృందం అమెరికాలో కొన్ని నగరాలు తిరిగి దానికి ఎదురుగా వాయించింది. మన సింగీతం శ్రీనివాసరావు 1987లో ‘పుష్పక విమానం’ తీసి, సంభాషణలు లేకుండా రెండు గంటలకు పైగా జనాన్ని కూర్చోబెట్టవచ్చని రుజువు చేశారు. అది మూకీ కాదు, అందులో తలుపు చప్పుడు నుంచి ఊరి రొద దాకా అన్నీ వినబడతాయి. కానీ మాట తీసేస్తే ప్రేక్షకుడు కళ్లు పెద్దవి చేసుకుని చూస్తాడని చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు. మూకీ ఒక కాలానికి చెందిన లోపమనుకుంటే పాతవాసనే. అది ఒక పద్ధతి అనుకుంటే, ఆ పద్ధతికి తగిన వస్తువు దొరికినప్పుడల్లా వాడుకోవచ్చు.

ఈ పద్ధతికి ఒక పరీక్ష ఉంది, నాకు అది చాలా ముఖ్యం. మూకీల కాలంలో వినికిడి లేనివాళ్లు మిగతావాళ్లతో సమానంగా సినిమా చూశారు. టైటిల్ కార్డు అందరికీ ఒకటే. టాకీ రాగానే ఆ తలుపు మూసుకుపోయింది. విలియమ్ హోయ్ 1961 అక్టోబరులో, తొంభై తొమ్మిదేళ్ల వయసులో, సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ ఆటకు తొలి బంతి విసిరాడు. ఆయన జీవితకాలంలోనే సినిమా ఆయనకు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. కొత్త బేస్‌బాల్ మూకీ తీసేవాళ్లు సంగీతం మీద ఎంత ప్రేమ ఉన్నా, సంగీతం తీసేసినా బొమ్మ నిలబడుతుందా అని ముందు చూసుకోవాలి. సంగీతం బొమ్మకు ఊతకర్ర అయితే హోయ్ లాంటి ప్రేక్షకుడు మళ్లీ బయటే మిగిలిపోతాడు. సంగీతాన్ని అంతగా మెచ్చుకుంటూనే అది లేకపోయినా సినిమా నడవాలనడం విచిత్రంగా తోచవచ్చు. కానీ సొంత కాళ్ల మీద నిలబడిన బొమ్మ పక్కనే సంగీతకారుడికి స్వేచ్ఛ దొరుకుతుంది. కథ చెప్పే భారం లేదు గనక ఆగవచ్చు, ఎదురు తిరగవచ్చు, ఆలస్యంగా రావచ్చు.

తీసేవాళ్లు గుర్తుంచుకోవలసిన పనులు ఇందులోంచే వస్తాయి. షాటు పొడుగ్గా ఉండాలి. పిచర్ సైగ అందుకున్నప్పటి నుంచి బంతి విడిచేదాకా కత్తెర పడకపోతేనే వాద్యకారుడికి ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. ఇవాళ్టి క్రీడా సినిమాల్లాగా సెకనుకో కోత కోస్తే ఏ వాద్యమూ వెంట పరుగెత్తలేదు. టైటిల్ కార్డులు పొదుపుగా, మైదానం యాస తెలిసినవాళ్లతో రాయించాలి. ‘హెడిన్ హోమ్’కు బగ్స్ బేర్ అనే క్రీడా హాస్య రచయిత చేత రాయించినందువల్ల అతి మామూలు కథలోనూ కార్డులు ఇప్పటికీ నవ్విస్తాయి. స్వరకర్తను ఎడిటింగ్ అయ్యాక పిలవడం కాదు, మైదానానికి ముందే రమ్మనాలి. ఐవ్స్‌కు ఫౌల్ బంతి అర్థమైంది ఆడాడు కాబట్టే. మొదట పది, పదిహేను నిమిషాల చిత్రాలు తీస్తే మేలు. ఒక ఇన్నింగ్స్ చాలు, నిజానికి ఒక్క బ్యాటర్ వంతు చాలు. కీటన్ సన్నివేశం అంతకంటే పెద్దదేమీ కాదు. ప్రదర్శనకు చోటు వెతుక్కోనక్కర్లేదు. మేజర్ లీగుల కింద 120 మైనర్ లీగు జట్లున్నాయి. వాటి మైదానాల్లో చాలావాటికి పెద్ద తెర ఉంది, కొన్నిట్లో ఆర్గన్ వాయించే మనిషి కూడా ఉన్నారు. జట్టు పొరుగూరికి ఆడడానికి వెళ్లిన రాత్రుళ్లు అవన్నీ ఖాళీగానే పడి ఉంటాయి.